నారాయణ సంఖ్యలు: శిఖరాలను బట్టి దారుల లెక్క

ఎనిమిది అడుగులు వేయాలి. ఒక్కో అడుగులో ఒక మెట్టు ఎక్కడమో, ఒక మెట్టు దిగడమో చేయాలి. నేల మీద మొదలుపెట్టి మళ్లీ నేల మీదికే చేరాలి. మధ్యలో ఎక్కడా నేలకంటే కిందికి పోకూడదు. ఇలా ఎన్ని రకాలుగా నడవొచ్చు?

ఈ నడకను గళ్ల కాగితం మీద గీయండి. ఎక్కినప్పుడు కుడివైపు పైకి, దిగినప్పుడు కుడివైపు కిందికి, గళ్ల మూలలను కలుపుతూ గీత సాగుతుంది. గణితంలో వీటిని జాలక దారులంటారు. నేలకంటే కిందికి పోకూడదన్న షరతు ఉన్నవాటికి జర్మన్ గణితవేత్త వాల్టర్ ఫాన్ డైక్ పేరు మీద డైక్ దారులని పేరు. చూడటానికి పిల్లల ఆటలా ఉన్నా, ఈ దారుల లెక్కలో సంయోగాల గణితానికి గుండెకాయ లాంటి ఆలోచన ఒకటి ఉంది. దాన్ని తీరిగ్గా, ఒక్కో మెట్టుగా చూద్దాం.

ముందు షరతును పక్కన పెడదాం. నేల మీదికే తిరిగి రావాలి కాబట్టి నాలుగు అడుగులు ఎక్కేవి, నాలుగు దిగేవి. వాటిని ఏ వరుసలోనైనా పేర్చవచ్చంటే ఈ లెక్క మన ఛందస్సుకు పాతదే. ఎనిమిది అక్షరాల పాదంలో నాలుగు గురువులను, నాలుగు లఘువులను ఎన్ని విధాలుగా అమర్చవచ్చన్నదీ ఇదే ప్రశ్న. పింగళుడి ఛందస్సూత్రాలకు పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఇందుకోసమే మేరు ప్రస్తారాన్ని వివరించాడు. ఇంటర్మీడియట్ విద్యార్థులు పాస్కల్ త్రిభుజం పేరుతో చదివేది దాన్నే. ఎనిమిది అక్షరాల వరుసలో నట్టనడుమ ఉండే సంఖ్య 70.

ఇప్పుడు షరతు పెడదాం. మొదటి అడుగే దిగేదైతే ఆ దారి కొట్టివేయాలి. మొదట ఒకసారి ఎక్కి వెంటనే రెండుసార్లు దిగినా అంతే. ఇలా 70 దారులనూ వడపోస్తే మిగిలేవి 14. ఆరు అడుగుల నడకకు షరతు లేకుండా 20, షరతుతో 5. నాలుగు అడుగులకు 6, షరతుతో 2. ఈ మిగిలిన సంఖ్యలనే వరుసగా రాస్తే 1, 2, 5, 14, 42, 132 అని సాగుతాయి. ఇవి కాటలన్ సంఖ్యలు.

ఈ వరుసది పెద్ద చరిత్ర. 18వ శతాబ్దంలో చైనాలో పనిచేసిన మంగోల్ గణితవేత్త మింగాన్‌తు త్రికోణమితి శ్రేణుల్లో ఈ సంఖ్యలను వాడాడు. 1751లో ఆయిలర్ తన మిత్రుడు గోల్డ్‌బాక్‌కు రాసిన ఉత్తరంలో బహుభుజిని కర్ణాలతో త్రిభుజాలుగా కోసే విధాలను లెక్కపెడుతూ ఇవే సంఖ్యలను చేరుకున్నాడు. బెల్జియంలో పుట్టిన యూజీన్ కాటలన్ 1838లో వీటి మీద రాశాడు, పేరు ఆయనకు దక్కింది. అమెరికన్ గణితవేత్త రిచర్డ్ స్టాన్లీ 2015లో వెలువరించిన పుస్తకంలో ఈ సంఖ్యలు లెక్కపెట్టే వస్తువులు 214 రకాలున్నాయి.

పై లెక్కలో ఒక విషయం గమనించండి. 70ని 5తో భాగిస్తే 14. 20ని 4తో భాగిస్తే 5. 6ను 3తో భాగిస్తే 2. ప్రతిచోటా నిశ్శేషంగా భాగహారం జరుగుతోంది. ఇది ఊరికే జరగదు. ఈ భాగహారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే సూత్రం అర్థమైనట్టు. దానికి జవాబు చెప్పే ముందు ప్రశ్నను ఇంకొంచెం పదును పెడదాం.

ఎక్కడం ఆపి దిగడం మొదలుపెట్టే చోటును శిఖరం అందాం. ఆరు అడుగుల దారులు అయిదే కాబట్టి వాటిని పూర్తిగా రాసి చూడవచ్చు. ఎక్కే అడుగుకు ‘ఎ’, దిగే అడుగుకు ‘ది’ అని గుర్తు పెట్టుకుంటే:

ఎ ఎ ఎ ది ది ది: ఒక శిఖరం
ఎ ఎ ది ఎ ది ది: రెండు శిఖరాలు
ఎ ఎ ది ది ఎ ది: రెండు శిఖరాలు
ఎ ది ఎ ఎ ది ది: రెండు శిఖరాలు
ఎ ది ఎ ది ఎ ది: మూడు శిఖరాలు

అంటే 5 అన్న సంఖ్య 1, 3, 1గా విడిపోయింది. ఎనిమిది అడుగులకు 14 విడిపోయేది 1, 6, 6, 1గా. పది అడుగులకు 42 విడిపోయేది 1, 10, 20, 10, 1గా. ఒకదాని కింద ఒకటి రాస్తే మేరు ప్రస్తారం లాంటి మరో త్రిభుజం తయారవుతుంది. ప్రతి వరుసా ఎటు నుంచి చదివినా ఒకటే. ప్రతి వరుస మొత్తం ఒక కాటలన్ సంఖ్య.

ఈ త్రిభుజంలోని సంఖ్యలకు నారాయణ సంఖ్యలని పేరు. ఆ నారాయణ తాడేపల్లి వెంకట నారాయణ (1930–1987). కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితవేత్త, సంఖ్యాశాస్త్రవేత్త. ఒక పూర్ణసంఖ్యను భాగాలుగా విడగొట్టే విధాల గురించి, సంభావ్యతలో వాటి ఉపయోగం గురించి 1955లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ పత్రికలో ఆయన రాసిన చిన్న వ్యాసంతో ఈ సంఖ్యలకు ఆయన పేరు అతుక్కుంది. అంతకు ముందే బ్రిటిష్ గణితవేత్త పెర్సీ మాక్‌మాన్ వీటిని తాకాడు. కానీ జాలక దారులను సంఖ్యాశాస్త్రానికి పనిముట్లుగా మలచడం నారాయణ జీవితకాలపు కృషి. ఆ విషయం మీద ఆయన పుస్తకం 1979లో టొరంటో విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వచ్చింది. 1356లో గణితకౌముది రాసిన నారాయణ పండితుడు వేరే వ్యక్తి. ఆవుల మంద పెరుగుదలను లెక్కపెట్టే 1, 1, 1, 2, 3, 4, 6, 9 అనే వరుస ఆయనది. ఇద్దరినీ కలిపేయకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎనిమిది అడుగుల్లో సరిగ్గా రెండు శిఖరాలున్న దారులు ఆరే ఎందుకు?

అలాంటి దారిలో కొన్ని అడుగులు ఎక్కుతాం, కొన్ని దిగుతాం, మళ్లీ కొన్ని ఎక్కుతాం, మిగిలినవి దిగుతాం. ఎక్కి దిగడాన్ని ఒక జత అందాం. రెండు శిఖరాలంటే రెండు జతలు. ఇక్కడ చిన్న యుక్తి చేద్దాం: దారికి మొట్టమొదట ఒక ఎక్కే అడుగు అదనంగా చేర్చుదాం. శిఖరాలు రెండే ఉంటాయి. దారి మొత్తం ఒక మెట్టు పైకి జరుగుతుంది. ఇప్పుడు ఎక్కేవి 5, దిగేవి 4. ‘నేలకంటే కిందికి పోకూడదు’ అన్న షరతు ‘బయలుదేరాక మళ్లీ నేలను తాకకూడదు’ అని మారుతుంది. ఈ కొత్త దారులను లెక్కపెడితే పాతవాటిని లెక్కపెట్టినట్టే.

షరతును కాసేపు మరిచిపోదాం. 5 ఎక్కే అడుగులను రెండు భాగాలు చేయాలి: 1–4, 2–3, 3–2, 4–1. నాలుగు విధాలు. 4 దిగే అడుగులను రెండు భాగాలు చేయాలి: 1–3, 2–2, 3–1. మూడు విధాలు. మొత్తం 4 × 3 = 12 దారులు.

ఈ పన్నెండింటిలో దేన్నైనా తీసుకుని రెండు జతల స్థానాలు మార్చండి. ‘1 ఎక్కి 1 దిగి, 4 ఎక్కి 3 దిగు’ అన్నది ‘4 ఎక్కి 3 దిగి, 1 ఎక్కి 1 దిగు’ అవుతుంది. ఇలా పన్నెండూ ఆరు జోడీలుగా సర్దుకుంటాయి. ఒక్కో జోడీలో సరిగ్గా ఒక దారే షరతుకు నిలుస్తుంది. కారణం సులువు. రెండు జతల్లో కలిపి మనం నికరంగా ఎక్కేది ఒక్క మెట్టు. రెండు పూర్ణసంఖ్యల మొత్తం 1 అయితే వాటిలో ఒకటి ధనసంఖ్య, రెండోది సున్నా లేదా రుణసంఖ్య. ధనసంఖ్య ఉన్న జతతో మొదలుపెడితే నేలను తాకం. రెండోదానితో మొదలుపెడితే మొదటి లోయలోనే నేలను తాకుతాం, లేదా దాటి కిందికి పోతాం. కాబట్టి 12లో సగం, ఆరు.

శిఖరాలు ఎన్నున్నా ఇదే వాదన నడుస్తుంది. జతలను గుండ్రంగా అమర్చి, ఏ జతతో మొదలుపెట్టాలో ఎంచుకోవడమే. దారిలో అన్నిటికంటే పల్లమైన చోటు చివరిసారి వచ్చిన వెంటనే ఉన్న జతతో మొదలుపెడితే మళ్లీ అంత పల్లానికి దిగం. ఆ ఒక్క మొదలే నిలుస్తుంది, మిగతావన్నీ ఎక్కడో ఒకచోట నేలను తాకుతాయి. మూడు జతలుంటే మూడింట ఒకటి, నాలుగుంటే నాలుగింట ఒకటి. అందుకే సూత్రంలో శిఖరాల సంఖ్యతో భాగహారం వస్తుంది.

ఎక్కే అడుగుల సంఖ్య న, శిఖరాల సంఖ్య శ అనుకుందాం. అదనపు అడుగుతో కలిపి న+1 అడుగులను వరుసగా పెడితే మధ్యలో న సందులుంటాయి. శ భాగాలు చేయాలంటే వాటిలో శ–1 సందుల దగ్గర కోయాలి. దిగే అడుగుల మధ్య న–1 సందులే. అక్కడా శ–1 చోట్ల కోయాలి. ఈ రెండు ఎంపికల సంఖ్యలను గుణించి శతో భాగిస్తే నారాయణ సంఖ్య. కొంచెం సర్ది రాస్తే ఇంకో రూపం వస్తుంది: న వస్తువుల్లోంచి శ ఎంచుకునే విధాలను, అదే న వస్తువుల్లోంచి శ–1 ఎంచుకునే విధాలతో గుణించి, నతో భాగించాలి. న 4, శ 2 అయితే 6 × 4 ÷ 4 = 6. న 4, శ 3 అయితే 4 × 6 ÷ 4 = 6. గుణించే సంఖ్యలు రెండూ స్థానాలు మార్చుకున్నాయంతే. వరుస ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండటానికి కారణం ఇదే.

శిఖరాల సంగతి వదిలేసి అడుగులనే గుండ్రంగా తిప్పితే కాటలన్ సంఖ్య కూడా వస్తుంది. 5 ఎక్కేవి, 4 దిగేవి కలిపి 9 అడుగులను 126 విధాలుగా పేర్చవచ్చు. తొమ్మిది మొదళ్లలో ఒక్కటే నిలుస్తుంది కాబట్టి 126 ÷ 9 = 14. ఇందాకటి 70 ÷ 5 కూడా ఇదే లెక్కకు మరో ముఖం.

నారాయణ సంఖ్యాశాస్త్రవేత్త కావడం యాదృచ్ఛికం కాదు. ఎనిమిది మళ్లున్నాయనుకోండి. నాలుగింట్లో కొత్త పద్ధతిలో, నాలుగింట్లో పాత పద్ధతిలో సాగు చేశారు. దిగుబడి ఎక్కువ నుంచి తక్కువకు వరుస పెట్టి, కొత్త పద్ధతి మడి వస్తే పైకి, పాతది వస్తే కిందికి ఒక అడుగు గీయండి. ఏ చోట ఆగి చూసినా కొత్త పద్ధతి వెనకబడలేదంటే దారి నేలకంటే కిందికి పోలేదన్నమాట. కొత్త పద్ధతి గెలిచిందని ప్రకటించవచ్చా? తొందరపడకూడదు. రెండు పద్ధతుల మధ్య ఏ తేడా లేకపోయినా అలాంటి దారి వచ్చే అవకాశం 70లో 14, అంటే అయిదింట ఒకటి. అదే ఒకే శిఖరం ఉన్న దారి వస్తే, అంటే నాలుగు కొత్త మళ్లూ పైనే నిలిస్తే, అది కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం 70లో 1. అప్పుడు మాట్లాడవచ్చు. 1951లో సోవియట్ గణితవేత్తలు గ్నెడెంకో, కొరొల్యుక్ రెండు నమూనాలను పోల్చే పరీక్షకు కావలసిన సంభావ్యతలను ఇలాంటి దారుల లెక్కతోనే రాబట్టారు. మందు పనిచేసిందా, విత్తనం మేలైనదా అని తేల్చే చోట దారుల లెక్క నిజాయితీకి కాపలా కాస్తుంది.

మన విద్యార్థులు ప్రస్తారాలు, సంయోగాల సూత్రాలను చకచకా ఒప్పజెబుతారు. ఆ సూత్రాల్లో భాగహారం కనిపించిన ప్రతిచోటా ఒక ప్రశ్న వేసే అలవాటు కూడా నేర్పాలి: ఇక్కడ ఏవి సమాన గుంపులుగా సర్దుకున్నాయి, గుంపుకొకటి చొప్పున ఏది మిగిలింది? జవాబు దొరికితే సూత్రాన్ని బట్టీ పట్టనక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ కట్టుకోవచ్చు. పరీక్షించి చూడాలనుకుంటే ఎనిమిది అడుగులు, మూడు శిఖరాల లెక్క చేయండి. 5ను మూడు భాగాలు చేసే విధాలు 6, 4ను మూడు భాగాలు చేసే విధాలు 3, మొత్తం 18 దారులు. వాటిని జతలు తిప్పుతూ మూడేసి చొప్పున గుంపులు కట్టండి. ప్రతి గుంపులో నిలిచే ఒక్క దారిని మీరే వెతికి పట్టుకోండి.