వినేవాడుంటేనే చుక్క

“తొండుపల్లి కాడ చాయ్‌కు ఆగిండ్రా?” ఫోన్ ఎత్తగానే మా ఆవిడ అడిగింది. నేను చెప్పలేదు. కారు చెప్పింది.

మాది శంషాబాద్. 2008లో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చాక, సాయంత్రం డాబా ఎక్కి దిగే విమానాలు చూడటం మాకు అలవాటైంది. ఇప్పటి విమానం తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో 1090 మెగాహెర్ట్జ్ మీద తానే చాటుకుంటూ వస్తుంది. సరదాకు రేడియో సెట్లు నడిపే మా హామ్‌లకూ అలాంటి ఏర్పాటే ఉంది. పేరు ఏపీఆర్ఎస్.

అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేసిన బాబ్ బ్రునింగా దీనికి ఆద్యుడు. 1984లో వంద మైళ్ల గుర్రపు పరుగులో ఏ గుర్రం ఎక్కడుందో తెలుసుకోవడానికి దీని తొలిరూపాన్ని వాడారు. నా గుర్రం పాత మారుతి. జీపీఎస్ చెప్పిన అక్షాంశ రేఖాంశాలు, వేగం, దిశ, నా కాల్‌సైన్ అనే రేడియో గుర్తింపు పేరు, ఇవన్నీ చిన్న పెట్టెలో 1200, 2200 హెర్ట్జ్‌ల రెండు స్వరాలుగా మారతాయి. రేడియోలో వింటే ‘కర్ర్’మని ఒక చప్పుడు, అంతే. కాల్‌సైన్ చివర 9 ఉంటే కారు, 7 ఉంటే చేతి సెట్టు అని మాలో ఆనవాయితీ. దారిలో డిజిపీటర్ ఉంటే ఆ మాటను అందుకుని మళ్లీ పలుకుతుంది. ఐగేట్ ఉంటే ఇంటర్నెట్‌కు ఎక్కిస్తుంది. అప్పుడు మ్యాప్‌లో చుక్క పడుతుంది.

ఆ పెట్టె కొన్న కొత్తలో నా చుక్క పడనే లేదు. వైర్లు విప్పాను, యాంటెన్నా మార్చాను. తీరా చూస్తే పెట్టెలో లోపమే లేదు, వినేవాళ్లు లేరు. ఈ తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. మధ్యలో గుట్టో, పెద్ద భవనమో అడ్డొస్తే అక్కడితో సరి.

దాంతో డాబా మీద యాంటెన్నా కట్టి, దానికి చవక యూఎస్‌బీ రిసీవర్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తగిలించాను. ఆ సాయంత్రమే పాలమాకుల దాటుతుండగా నా చుక్క కనబడింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రేడియోలో అది తలకిందులు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ బృందం హామ్ ప్రసారాల కోసమే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి వాళ్ల సెట్ల మీద కబుర్లు బయటికొచ్చాయి. అవతల వినేవాళ్లు ఉండబట్టే అవి అందాయి.

ఏపీఆర్ఎస్‌లో గుట్టుండదు. హామ్‌లు రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదు, నా చుక్కను ఎవరైనా చూడవచ్చు. వద్దనుకున్న రోజు స్విచ్ నా చేతిలోనే ఉంది.

మొన్నొక రాత్రి కొత్తూరు వైపు నుంచి తెలియని కాల్‌సైన్ ఒకటి వచ్చింది. బెంగళూరు హైవే మీద మా ఊరు దాటి, ఆరాంఘర్ వైపు వెళ్లిపోయింది. ఆ మనిషి తన మాట విన్నది మా డాబా అని ఎరగడు. కరెంటు పోయేలా ఉంటే ఇప్పుడు మా ఆవిడే గుర్తుచేస్తుంది: “మీద బ్యాటరీ పెట్టిండ్రా?”