సంకలనంలో ఎవరున్నారు, ఎవరు లేరు?

అమెరికన్ కవిత్వ సంకలనం కొనేముందు మనం మొదట చూడాల్సింది విషయసూచిక. 1960లో డొనాల్డ్ అలెన్ తెచ్చిన ‘ది న్యూ అమెరికన్ పొయెట్రీ’లో 44 మంది కవులుంటే నల్లజాతి కవి ఒక్కరే: అప్పటి లీరాయ్ జోన్స్, తర్వాతి అమీరి బరాకా.

2011లో నల్లజాతి కవయిత్రి రీటా డవ్ పెంగ్విన్ కోసం ఇరవయ్యో శతాబ్దపు సంకలనం కూర్చారు. ఇంతమంది కవులెందుకని విమర్శకురాలు హెలెన్ వెండ్లర్ తప్పుబట్టారు. ప్రమాణాల పేరుతో జరిగే ఈ వాదన దళిత సాహిత్యం చదివిన మనకు కొత్త కాదు. అయితే అదే పుస్తకంలో సిల్వియా ప్లాత్, అలెన్ గిన్స్‌బర్గ్ లేరు. అనుమతి రుసుములు భరించలేకపోవడమే కారణం. అందుకే ఎవరు లేరో చూసి ఆగిపోకూడదు, ఎందుకు లేరో ముందుమాటలో వెతకాలి.

మేం సూచించేది ఒక్క పుస్తకంతో సరిపెట్టుకోవద్దని. డవ్ సంకలనం పక్కన 2020లో వచ్చిన రెండు పుస్తకాలు పెట్టుకోండి: కెవిన్ యంగ్ కూర్చిన ఆఫ్రికన్ అమెరికన్ కవిత్వం, మస్కోగీ కవయిత్రి జాయ్ హార్జో ప్రధాన సంపాదకత్వంలో వచ్చిన మూలవాసుల కవిత్వం. కొనలేకపోతే లైబ్రరీలో అడగండి.

పరీక్షకు చదివినట్టు మొదటి పేజీ నుంచి చదవనక్కర్లేదు. రోజుకు రెండు కవితలు, పైకి చదవండి. మళ్లీ చదవాలనిపించిన కవి సొంత పుస్తకం వెతకండి. సంకలనం గుమ్మం మాత్రమే, ఇల్లు లోపలుంది.