రచయితల వెబ్‌సైట్ల రూపకల్పనలో కృత్రిమ మేధ: పుటల కూర్పు యంత్రానిది, వివరాల బాధ్యత రచయితది

(ప్రత్యేక వ్యాసం)

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం, ఉగాది పురస్కారాల ప్రదానం వంటి సందర్భాలలో సాహితీవేత్తల జీవిత విశేషాలను సిద్ధం చేయవలసిన అధికారులు, వాటిని పాఠకులకు అందించవలసిన పాత్రికేయులు నేడు ముందుగా ఆశ్రయించేది ఇంటర్నెట్‌నే. రచయిత జన్మస్థలం, తొలి రచన, గ్రంథాల జాబితా, పొందిన పురస్కారాల వివరాలు రచయిత స్వయంగా ధ్రువీకరించిన రూపంలో ఒకేచోట లభించినట్లయితే వార్తలోనూ, సన్మాన పత్రంలోనూ పొరపాట్లకు అవకాశం తగ్గుతుంది. ఇందుకు తగిన వెబ్‌సైట్‌ను సాంకేతిక పరిజ్ఞానం లేనివారు సైతం కొద్ది నిమిషాలలో రూపొందించుకునేందుకు కృత్రిమ మేధ ఆధారిత సాధనాలు అందుబాటులోకి వచ్చాయి. అయితే ఈ సాధనాలు పుటలను కూర్చడంతో ఆగక, రచయిత చెప్పని వివరాలను కూడా ఊహించి వ్రాయగలవు. ఈ సౌలభ్యంతోపాటు సంక్రమించే బాధ్యతను గుర్తించవలసిన అవసరం ఉన్నది.

సాధనాలు పనిచేసే విధానం

వెబ్‌సైట్ల నిర్మాణంలో కృత్రిమ మేధ వినియోగం కొత్తదేమీ కాదు. విక్స్ సంస్థ 2016లోనే వినియోగదారుని కొన్ని ప్రశ్నలు అడిగి, వాటి సమాధానాల ఆధారంగా వెబ్‌సైట్‌ను కూర్చే సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన అనంతరం ఈ రంగంలో వేగం పెరిగింది. వర్డ్‌ప్రెస్.కామ్ 2025లో ఇటువంటి సాధనాన్ని అందుబాటులోకి తెచ్చింది.

వీటి పనితీరు ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. "నేను కథా రచయితను, మూడు సంపుటాలు ప్రచురించాను, పాఠకులు నన్ను సంప్రదించే వీలుండాలి" అని రెండు మూడు వాక్యాలలో తెలిపినచో సాధనం తొలి పుట, రచయిత పరిచయం, గ్రంథాల పుట, సంప్రదింపుల పుటలను ఏర్పాటు చేస్తుంది. రంగులను, అక్షర రూపాలను ఎంపిక చేస్తుంది. పరిచయ వాక్యాలను తానే వ్రాస్తుంది. చిత్రాలను తానే జతపరుస్తుంది. గతంలో ఒక నిపుణునికి రుసుము చెల్లించి, వారాల తరబడి వేచి చూడవలసిన పని ఇప్పుడు ఒక పూటలో పూర్తికాగలదు. సొంతంగా పుస్తకాలు అచ్చువేసుకుని, పంపిణీ వ్యవస్థ లేక పాఠకులకు దూరమైన రచయితలకు ఇది ఎంతో మేలు.

ఖాళీలను ఊహతో నింపే ప్రమాదం

భాషా నమూనాలు ఒక మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం అధికంగా ఉన్నదో అంచనా వేసి వాక్యాలను కూర్చుతాయి. రచయితల పరిచయాలలో "పలు పురస్కారాలు అందుకున్నారు", "అనేక భాషలలోకి అనువాదమయ్యాయి" అనే వాక్యాలు తరచుగా కనిపిస్తాయి గనుక, ఆధారం లేకపోయినా యంత్రం వాటిని చేర్చగలదు. పాఠకుల అభిప్రాయాల పేరిట, ఉనికిలో లేని వ్యక్తుల ప్రశంసలను నమూనాగా ఉంచే అవకాశమూ ఉన్నది. వాటిని తొలగించడం మరచినట్లయితే అవి రచయిత స్వయంగా చేసుకున్న ప్రకటనలుగానే చెలామణి అవుతాయి.

వాస్తవాలు తెలిసిన సందర్భంలోనూ సంవత్సరాల విషయంలో పొరపాటుకు ఆస్కారం ఉన్నది. ఉదాహరణకు రావూరి భరద్వాజకు లభించిన జ్ఞానపీఠ పురస్కారం 2012 సంవత్సరానికి చెందినది. దానిని ప్రకటించినది 2013 ఏప్రిల్‌లో. పురస్కార సంవత్సరం, ప్రకటించిన సంవత్సరం వేర్వేరుగా ఉన్నప్పుడు రెండింటినీ విడివిడిగా పేర్కొనని పక్షంలో యంత్రమే గాక మనుషులు కూడా పొరబడతారు.

ఒక తప్పు రచయిత వెబ్‌సైట్‌లో చేరినచో అది పత్రికా వార్తలోకి, అక్కడి నుండి ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వాలలోకి, సన్మాన సంచికలలోకి ప్రవేశిస్తుంది. కొంతకాలానికి అవే పుటలు కృత్రిమ మేధకు శిక్షణ సామగ్రి కావచ్చు. అప్పుడు యంత్రం కల్పించిన మాటకు యంత్రమే సాక్ష్యం పలికే పరిస్థితి ఏర్పడుతుంది. అందువలన పరిచయ వ్యాసాన్ని రచయిత స్వయంగా వ్రాసి అందించి, యంత్రానికి కేవలం పుటల కూర్పును అప్పగించడం శ్రేయస్కరం.

ఇంటిపేరు, కలంపేరు, గ్రంథనామం

ఈ సాధనాలలో అధిక భాగం ఆంగ్ల సంప్రదాయాన్ని అనుసరించి రూపొందినవి. పేరులోని చివరి మాటను వంశనామంగా భావించడం వాటికి పరిపాటి. తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ పేరులో ఇంటిపేరు 'విశ్వనాథ'. 'సత్యనారాయణ'ను వంశనామంగా గ్రహించి అకారాది సూచికలో చేర్చినట్లయితే వెదికేవారికి ఆ రచయిత దొరకని పరిస్థితి ఏర్పడుతుంది.

కలంపేరుతో వ్రాసేవారు అసలు పేరును కూడా పరిచయ పుటలో పేర్కొనడం మంచిది. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అనగానే ఆరుద్ర అని గుర్తించేవారు ఎందరో ఉండరు. గ్రంథాలయ పట్టికలలో, ప్రభుత్వ దస్త్రాలలో అసలు పేరే నమోదై ఉండవచ్చు. రెండు పేర్లు ఒకే పుటలో ఉన్నప్పుడే శోధన యంత్రాలు వాటిని జతపరచగలుగుతాయి.

గ్రంథనామాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆంగ్ల పుటను తయారుచేయమని కోరినప్పుడు సాధనం 'అసమర్థుని జీవయాత్ర' వంటి పేరును ఆంగ్లంలోకి తనకు తోచిన విధంగా అనువదించగలదు. దానిని చూసినవారు అదే పేరుతో ఆంగ్లానువాదం వెలువడినదని భ్రమపడతారు. అనువాదం అచ్చుకానప్పుడు పేరును ఉచ్చారణ ప్రకారం వ్రాసి, అర్థాన్ని విడిగా తెలపడమే సరియైన పద్ధతి. ప్రతి గ్రంథానికి ప్రచురణ సంవత్సరం, ప్రచురణకర్త పేరు, ఐఎస్‌బీఎన్ ఉన్నచో ఆ సంఖ్య పేర్కొనాలి. మన దేశంలో ఈ సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఉచితంగా కేటాయిస్తుంది. 2007 జనవరి 1 నుండి ఇది 13 అంకెలతో ఉంటున్నది.

తెలుగు లిపికి సంబంధించిన జాగ్రత్తలు

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుండే స్థానం ఉన్నది. అయితే డీటీపీ కేంద్రాలలో అను వంటి ఫాంట్లతో కూర్చిన పుస్తకాల ప్రతులు వేరొక సంకేత విధానంలో ఉంటాయి. వాటిని నేరుగా వెబ్‌సైట్‌లో అతికించినచో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అటువంటి పాఠాన్ని సరిదిద్దమని కృత్రిమ మేధను కోరినప్పుడు అది మూలంలో లేని వాక్యాలను కల్పించే ప్రమాదం ఉన్నది. ముందుగా ప్రత్యేక మార్పిడి సాఫ్ట్‌వేర్ ద్వారా యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుప్రతితో సరిచూసిన తరువాతే వెబ్‌సైట్‌లో ఉంచాలి.

మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, ధూర్జటి మొదలగు తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. సాధనం ఎంపిక చేసిన ఆంగ్ల ఫాంటుకు బదులు వీటిలో ఒకదానిని నిర్దేశించవచ్చు. ఆంగ్ల అక్షరాల కొలతకు తగినట్లు శీర్షికల వరుసలు ఇరుకుగా ఉన్నచో తెలుగు వత్తులు తెగిపోయి కనిపిస్తాయి. కనుక వరుసల మధ్య ఎడాన్ని పెంచాలి. పుట భాషను 'తెలుగు'గా నమోదు చేయించడం మరువరాదు. తెరపై ఉన్నదానిని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను వినియోగించే దృష్టి లోపం గల పాఠకులకు ఇది అత్యావశ్యకం. కృత్రిమ మేధ చిత్రించే బొమ్మలలో తెలుగు అక్షరాలు తరచు వికృతంగా వస్తున్నందున పుస్తక ముఖచిత్రాలకు బదులుగా వాటిని వాడరాదు. అసలు ముఖచిత్రాన్నే స్కాన్ చేసి ఉంచాలి.

హక్కులు, చట్టపరమైన అంశాలు

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సాహిత్య రచనపై హక్కు రచయిత జీవితకాలం, మరణానంతరం 60 సంవత్సరాలు అమలులో ఉంటుంది. హక్కును ప్రచురణకర్తకు బదిలీ చేసిన సందర్భంలో పూర్తి కథలను వెబ్‌సైట్‌లో ఉంచే ముందు ఒప్పందాన్ని పరిశీలించుకోవాలి. బదిలీ పత్రంలో కాలపరిమితి పేర్కొనని పక్షంలో దానిని 5 సంవత్సరాలుగా పరిగణించాలని ఇదే చట్టంలోని 19వ సెక్షన్ తెలుపుతున్నది. ముఖచిత్రంపై చిత్రకారునికి, సమీక్షపై సమీక్షకునికి లేదా పత్రికకు హక్కులు ఉంటాయి. సమీక్షను మొత్తంగా ఉంచడానికి బదులు పత్రిక పేరు, తేదీ తెలిపి, లింకును ఇవ్వడం ఉచితం.

పాఠకుల పేర్లు, ఈ-మెయిల్ చిరునామాలు సేకరించే పుటను సాధనం అడగకుండానే చేర్చే అవకాశం ఉన్నది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో రూపొందినందున, అవసరం లేని వివరాలను సేకరించకపోవడమే ఉత్తమం. రచయిత ఇంటి చిరునామాను, వ్యక్తిగత ఫోన్ నెంబరును బహిరంగంగా ఉంచరాదు.

చిరకాలం నిలిచేందుకు

ఉచిత పథకంలో వెబ్‌సైట్ చిరునామా సాధారణంగా సేవా సంస్థ పేరుతో కూడి ఉంటుంది. సొంత డొమైన్ పేరును రచయిత పేరిటే నమోదు చేయించుకోవాలి. .ఇన్, తెలుగు లిపిలోని .భారత్ డొమైన్లను నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తున్నది. వార్షిక రుసుము చెల్లించని పక్షంలో ఆ పేరు ఇతరుల పరం కావచ్చు.

లక్షలాది వ్యక్తిగత పుటలకు నెలవైన జియోసిటీస్ సేవను యాహూ సంస్థ 2009 అక్టోబరులో నిలిపివేసింది. ఏ సంస్థ సేవ అయినా శాశ్వతం కాదనడానికి ఇది నిదర్శనం. కొన్ని సంస్థల వద్ద తయారైన వెబ్‌సైట్‌ను మరొక చోటికి యథాతథంగా తరలించే వీలు ఉండదు. చేరే ముందే ఈ విషయం తెలుసుకోవాలి. పాఠం ప్రతిని విడిగా భద్రపరచుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పుటలను నమోదు చేయవచ్చు. రచయిత అనంతరం హక్కులు వారసులకు సంక్రమిస్తాయి గనుక డొమైన్ వివరాలు, ప్రవేశ సంకేతాలు కుటుంబంలో ఒకరికైనా తెలిసి ఉండాలి.

ప్రచురణకు ముందు సరిచూడవలసినవి

1. పరిచయంలోని ప్రతి తేదీకి, ప్రతి పురస్కారానికి చేతిలో ఆధారం ఉండాలి.
2. యంత్రం వ్రాసిన ప్రశంసలను, అభిప్రాయాలను పూర్తిగా తొలగించాలి.
3. ఇంటిపేరు, కలంపేరు, గ్రంథనామాలు అచ్చులో ఉన్న విధంగానే ఉండాలి.
4. సెల్‌ఫోన్ తెరపై వత్తులు, గుణింతాలు సక్రమంగా కనిపిస్తున్నవో లేదో చూడాలి.
5. చివరిసారి సవరించిన తేదీని పుట అడుగున పేర్కొనాలి.

ఈ వెబ్‌సైట్లను వినియోగించే పాత్రికేయులు, అధికారులు కూడా పురస్కారాల వివరాలను వాటిని ప్రదానం చేసిన సంస్థల జాబితాలతో సరిపోల్చుకోవడం అవసరం. 1955 నుండి ప్రదానం చేసిన పురస్కారాల జాబితాను కేంద్ర సాహిత్య అకాడమీ తన వెబ్‌సైట్‌లో ఉంచింది. ఆ సంవత్సరం 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' గ్రంథానికి సురవరం ప్రతాపరెడ్డి తెలుగులో తొలి పురస్కారాన్ని అందుకున్న విషయం మొదలుకొని వివరాలు అందులో లభిస్తాయి. సందేహం కలిగినప్పుడు రచయితనే నేరుగా సంప్రదించాలి.

పుటలకు అందాన్ని, అమరికను కృత్రిమ మేధ సమకూర్చగలదు. ఒక సాహితీవేత్త జీవితకాల కృషికి సంబంధించిన వాస్తవాలను చెప్పగలిగినవారు మాత్రం ఆ రచయిత, ఆయన లేదా ఆమె కుటుంబ సభ్యులు, ప్రచురణకర్తలు మాత్రమే. వారు తమ చేతితో వ్రాసి, తమ కంటితో సరిచూసిన పుటలే రేపటి వార్తకు, భావితరాల పరిశోధనకు నమ్మదగిన ఆధారాలు కాగలవు.