వరి మడి ఆరబెడితే డబ్బులొస్తాయా? కార్బన్ క్రెడిట్ లెక్క ఇదీ

ఊళ్లో మీకు రెండెకరాల వరి పొలం ఉండి, కౌలుకిచ్చి మీరు సిటీలో ఉంటున్నారా? అయితే 'కార్బన్ క్రెడిట్ డబ్బులు ఇప్పిస్తాం, సంతకం పెట్టండి' అని రేపో మాపో ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ముందు ఈ లెక్క చూడండి.

నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు. అందులోని సూక్ష్మజీవులు కుళ్లిన ఆకులు, వేళ్ల నుంచి మీథేన్ తయారు చేస్తాయి. వందేళ్ల లెక్కన కిలో మీథేన్ దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మధ్యమధ్యలో మడిని ఆరనిస్తే ఇది సగం వరకు తగ్గుతుంది. చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాన్ని పొలంలో పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీళ్లు నిలపాల్సిందే.

మరి డబ్బెంత?

టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువు తగ్గిస్తే ఒక క్రెడిట్. దక్షిణాసియా వరి పొలాలకు ఐపీసీసీ వాడే సగటు రోజుకు హెక్టారుకు 0.85 కిలోల మీథేన్. 110 రోజుల పంటకు ఎకరాకు సుమారు 38 కిలోలు. అందులో సగం తగ్గినా వచ్చేది అర క్రెడిట్టే! క్రెడిట్ వెయ్యి రూపాయలు పలికిందనుకున్నా చేతికి 500. కొలతల ఖర్చు, తనిఖీ ఫీజు, కంపెనీ వాటా అందులోంచే పోవాలి. మడి ఆరితే కలుపు పెరుగుతుంది, ఆ కూలి రైతుదే.

పోనీ కరెంటు ఆదా? తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వ్యవసాయ కరెంటు ఉచితం. మోటారు తక్కువ నడిస్తే మిగిలేది సర్కారు సబ్సిడీ, రైతుకు పైసా రాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పంజాబ్ 2018లో దీనికో దారి వెతికింది: కోటా కన్నా తక్కువ వాడిన రైతుకు మిగిలిన యూనిట్‌కు 4 రూపాయలు. క్రెడిట్ల కోసం ఎదురుచూడటం కన్నా ఇదే నయం అనిపిస్తుంది. కాలువ కింద పొలాలకు ఇదీ వర్తించదు. అక్కడ వంతు వచ్చినప్పుడే నీళ్లు.

క్రెడిట్ కొనేవాళ్ల నమ్మకమూ ముఖ్యమే. చైనాలోని 37 వరి ప్రాజెక్టులను వెర్రా అనే ధ్రువీకరణ సంస్థ 2024లో రద్దు చేసింది.

కాబట్టి సంతకానికి ముందు నాలుగు సంగతులు అడగండి. ఒప్పందం ఎన్నేళ్లు? వాటా మొత్తం అమ్మకం మీదా, ఖర్చులు పోగానా? మధ్యలో మానేస్తే జరిమానా ఉందా? డబ్బు పట్టా ఉన్న మీకా, మడిలో దిగి గొట్టం చూసే కౌలు రైతుకా?