కోతా? కరెంటా?

“కత్తి పెడితే గాలి తగిలి ఒళ్లంతా పాకుతుందటే అమ్మాయ్! నన్ను కోయనివ్వకండి” అంటూ మా మేనత్త కంటనీరు పెట్టుకుంది. “కోయించేస్తే పీడా పోతుందమ్మా” అంటాడు బావ. మామిడిపళ్ల రోజుల్లో చింతలపూడి వెళ్లానన్న మాటేగానీ, చిన్న రసాల బుట్ట ముట్టినవాళ్లే లేరు.

అత్తయ్య ఏనాడూ చుట్ట కాల్చలేదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది. పొగ తాగనివాళ్లకీ ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని నాకూ అప్పుడే తెలిసింది. జారిపడినప్పుడు తీయించిన స్కానింగులో చిన్న గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే అదే జబ్బు. ఇంకా ఎక్కడికీ పాకలేదన్నారు.

ఇలాంటి తొలిదశలో, తట్టుకోగలిగిన వాళ్లకి గడ్డ ఉన్న భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేయడమే ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పక్కనున్న గ్రంథుల్నీ తీసి పరీక్షిస్తారు కాబట్టి జబ్బు ఎంతవరకు వచ్చిందో బాగా తెలుస్తుంది. కానీ మత్తు, కోత, ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉండటం తప్పవు. గాలి తగిలితే పాకుతుందన్నది మాత్రం ఉత్త అపోహ.

మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్‌లో ఇప్పుడు ఎస్‌బీఆర్‌టీ అనే పద్ధతి ఉంది. అన్ని వైపుల నుంచీ గడ్డకే గురిపెట్టి, సాధారణంగా మూడు నుంచి ఐదు విడతల్లో ఎక్కువ మోతాదు ఇస్తారు. కోత ఉండదు. అయితే గ్రంథుల్ని తీసి చూడటం కుదరదు. తర్వాత దగ్గు, ఆయాసం, పక్కటెముకల నొప్పి రావచ్చు.

మరి ఏది మేలు? 2015లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ పత్రికలో ఓ అధ్యయనం వచ్చింది. మూడేళ్ల తర్వాత రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 95 శాతం, ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం బతికున్నారు. “ఇంకేం, కరెంటే!” అన్నాడు బావ. కానీ ఆ లెక్క మొత్తం 58 మందిదే! చాలినంతమంది చేరక ఆ పరీక్షలు మధ్యలోనే ఆగిపోయాయి. అంత కొద్దిమందిని చూసి తీర్పు చెప్పేయగలమా?

చివరికి అత్తయ్యని సర్జన్ దగ్గరికీ, రేడియేషన్ డాక్టర్ దగ్గరికీ కూడా తీసుకెళ్లాం. గొట్టంలో ఊదించి చూస్తే ఊపిరి బలం బాగా తక్కువగా ఉంది. రేడియేషనే మంచిదని సర్జనే చెప్పారు. “మీరేమంటారమ్మా?” అని ఆయన అడిగేదాకా, ఆమెనే అడగాలని మాకెవరికీ తోచలేదు సుమండీ!

“మళ్లీ వంట చేసుకోగలనా బాబూ?” అంది అత్తయ్య.

“చేసుకోండి, గ్యాసు మీద!”

ఐదు విడతలూ పూర్తయ్యాయి. చెప్పిన తేదీకల్లా స్కానింగుకి వెళ్తోంది. మీ ఇంట్లో ఇలాంటి కష్టమొస్తే ఇద్దరు డాక్టర్లనీ అడగండి. అంతకంటే ముందు, మంచం మీదున్న మనిషిని అడగండి.