బోర్లా పడితే బొబ్బట్లు

పిడుగురాళ్ల చుట్టుపక్కల పత్తి చేలు, మిరప చేలు ఎక్కువ. సున్నపు బట్టీలూ ఉన్నాయి. ఇక్కడి ఆడవాళ్లకు పని తీరదు. అయినా ఇంట్లో చంటిబిడ్డ బోర్లా పడితే ఆ రోజు పండుగే. బొబ్బట్లు చేసి ఇరుగుపొరుగుకు పంచుతారు.

ఈ ఆచారం తెలుగువాళ్లలో చాలాచోట్ల ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు. పాకితే పాకుండలు. అడుగులేస్తే అరిసెలు. గడప దాటితే గారెలు. పలుకులు వస్తే పంచదార చిలకలు. ఇంటింటికీ కొంచెం తేడా ఉంటుంది.

ఇవి పెద్దవాళ్లు తినే పిండివంటలు. బిడ్డకు పెట్టేవి కావు. కానీ వీటివల్ల బిడ్డకు ఒక మేలు ఉంది. బిడ్డ ఎదుగుదల వీధంతా తెలుస్తుంది. ఆలస్యమైతే "ఇంకా బోర్లా పడలేదా అమ్మా?" అని పెద్దవాళ్లు అడుగుతారు. అలా అడగటం మంచిదే.

ఇరవై ఒకటో రోజు

చాలా ఇళ్లల్లో 11వ రోజునో, 21వ రోజునో బారసాల చేస్తారు. బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెడతారు. పుట్టిన 21 రోజుల లోపు జననం నమోదు చేయిస్తే రుసుము ఉండదు. బిడ్డ ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్లే తెలియజేయాలి. ఇంట్లో పుడితే ఇంటివాళ్లు చెప్పాలి. పల్లెలో పంచాయతీలో, పట్టణంలో మునిసిపాలిటీలో చెప్పాలి. పేరు అప్పటికి కుదరకపోతే ఏడాది లోపు రాయించవచ్చు. పత్రం చేతికి రాగానే తల్లి చదివి చూసుకోవాలి. పేరులో తప్పుంటే వెంటనే దిద్దించాలి.

ఏ నెలకు ఏ ముచ్చట?

రెండు నెలలు నిండేసరికి బిడ్డ తల్లి ముఖం చూసి నవ్వుతుంది. నాలుగు నెలలకు మెడ నిలుపుతుంది. నాలుగు, ఆరు నెలల మధ్య బోర్లా పడుతుంది. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చుంటుంది. ఏడాదికి అటూ ఇటూగా అడుగులు వేస్తుంది. అమ్మ, అత్త అంటుంది.

అందరు పిల్లలూ ఒకేలా ఎదగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి అయిదు దేశాల పిల్లలను గమనించింది. ఆ లెక్కలు 2006లో వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కొందరు 8 నెలలకే నడిచారు. కొందరు 17 నెలలకు నడిచారు. కొందరు పాకకుండానే నడిచారు. అందుకని పక్కింటి బిడ్డతో పోల్చి దిగులు పడొద్దు.

కానీ కొన్ని గుర్తులను వదిలేయకూడదు. మూడు నెలలు దాటినా నవ్వకపోవటం. అయిదు నెలలకు మెడ నిలవకపోవటం. పదో నెల వచ్చినా కూర్చోకపోవటం. చప్పుడుకు ఉలకకపోవటం. ఏడాదిన్నరకు నడవకపోవటం. ఇలా ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. దిష్టి అనుకుని ఊరుకుంటే కాలం దాటిపోతుంది.

అన్నప్రాశన

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే బిడ్డకు తిండి, నీళ్లు. ఆరు నిండాక అన్నప్రాశన చెయ్యాలి. అంగన్‌వాడీ కేంద్రాల్లో కూడా చేస్తున్నారు. ఆ రోజు ముద్ద ముట్టించి ఆపేయకూడదు. మర్నాటి నుంచి మెత్తటి పప్పన్నం, మెదిపిన కూరగాయలు, గుడ్డు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. తల్లిపాలు మానకూడదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు.

బిడ్డ ముందు పుస్తకం, కలం, డబ్బు, బంగారం పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. మగపిల్లవాడికి చేసినట్టే ఆడపిల్లకూ చెయ్యాలి. పుస్తకం ఇద్దరి ముందూ ఉండాలి.

చేనికి వెళ్లే తల్లులకు

మిరపకాయలు కోసిన చేత్తో, మందు కొట్టిన చేలో తిరిగిన చీరతో బిడ్డను ఎత్తుకోకూడదు. సబ్బుతో చేతులు కడుక్కుని, చీర మార్చుకుని పాలివ్వాలి. పాకే బిడ్డకు అందేచోట పురుగుమందు డబ్బా, సున్నం, కిరసనాయిలు ఉంచకూడదు.

తేదీ రాసుకోవాలి

ప్రతి తల్లికీ తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. అందులో టీకాల తేదీలు, బిడ్డ బరువు ఉంటాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా తప్పకుండా వేయించాలి. బోర్లా పడిన రోజు, కూర్చున్న రోజు, నడిచిన రోజు కూడా ఒక కాగితం మీద రాసి కార్డులో దాచుకోవాలి. డాక్టరు అడిగితే తల్లి ఆ కాగితం చూసి చెప్పగలదు. బొబ్బట్లు ఆ పూటకు అయిపోతాయి. రాసుకున్న తేదీ ఉండిపోతుంది.

ఆలోచించండి - చర్చించండి

1. మీ ఇంట్లో బిడ్డ అడుగులేస్తే ఏమి పంచుతారు?
2. మీ బిడ్డ జనన పత్రంలో పేరు సరిగా ఉందా?
3. ఆడపిల్ల బోర్లా పడినా మీ వీధిలో బొబ్బట్లు పంచుతున్నారా?