రాకెట్ల పక్కనే 'దేవాంగ పిల్లి'.. శ్రీహరికోట అడవిలోని ఈ చిన్న జీవికి మూఢనమ్మకాలే పెద్ద ముప్పు!

శ్రీహరికోట అనగానే అందరికీ గుర్తొచ్చేది రాకెట్లే. కానీ అదే దీవిలో చీకటి పడ్డాక చెట్ల మీదకు వచ్చే ఓ చిన్న జీవి ఉంది. అదే దేవాంగ పిల్లి. పేరులో పిల్లి ఉన్నా ఇది పిల్లి కాదు. కోతులు, మనుషులు ఉండే ప్రైమేట్ల వర్గానికి చెందిన జంతువు. బరువు దాదాపు పావు కిలోనే. సన్నటి కాళ్లు, చేతులు, గుండ్రటి పెద్ద కళ్లు. తోక ఉండీ లేనట్టే.

ఎక్కడ ఉంటుంది?

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్య ఉన్న దీవి శ్రీహరికోట. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. వానలు తక్కువైనా ఏడాదంతా పచ్చగా ఉండే అడవి ఇక్కడిది. తూర్పు తీరంలో ఇలాంటి అడవులు చాలావరకు పొలాలు, తోటలు, ఊళ్లుగా మారిపోయాయి. శ్రీహరికోట నుంచి కూడా ఒకప్పుడు బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసుకు వంటచెరకు వెళ్లేది. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఈ దీవిని ఎంపిక చేశారు. ఆ తర్వాత బయటివాళ్ల రాకపోకలు తగ్గాయి, అడవి నిలిచింది.

ఏం తింటుంది?

చీమలు, చెదపురుగులు, పెంకు పురుగులే దీని ప్రధాన ఆహారం. చిన్న బల్లులు, చెట్ల బంక కూడా తింటుంది. అంటే రైతుకు నష్టం చేసే జీవి కానే కాదు.

ముప్పు ఎక్కడ?

ఇది కోతిలా దూకదు. కొమ్మ పట్టుకుని మెల్లగా పక్క కొమ్మకు వెళ్తుంది. మధ్యలో చెట్లు కొట్టేస్తే నేల మీదకు దిగాల్సిందే. అప్పుడు వాహనాల కింద పడుతుంది, కుక్కలకు చిక్కుతుంది. కొన్నిసార్లు కరెంటు తీగలు పట్టుకుని చనిపోతుంది.

అంతకన్నా దారుణం మూఢనమ్మకం. చేతబడికి పనికొస్తుందని, కళ్లతో మందు చేస్తే చూపు మెరుగవుతుందని దీన్ని పట్టి చంపుతున్నారు. నిజానికి ఆ పెద్ద కళ్లు రాత్రి వేట కోసమే. వాటిలో ఏ మందూ లేదు.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఇది మొదటి షెడ్యూల్‌లో ఉంది. వేటాడినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. పక్కనే తమిళనాడు 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లో దీని కోసమే 11,806 హెక్టార్లలో ప్రత్యేక అభయారణ్యం ప్రకటించింది.

కనిపిస్తే ఏం చేయాలి?

పట్టుకోవద్దు. వీడియో కోసం ఫోన్ లైట్ కళ్లలోకి కొట్టొద్దు. చీకట్లో చూసే ఆ కళ్లకు అంత వెలుగు భరించలేనిది. గాయపడి ఉంటే కుక్కలు రాకుండా చూసి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఎవరైనా పట్టుకుని అమ్ముతుంటే 112కు చెప్పండి. రాకెట్ల మోత మధ్య బతుకుతున్న ఈ జీవికి కావాల్సింది కాస్త చెట్టు నీడ, మనం దూరంగా ఉండటం.. అంతే!